బెల్టు కీచుమంటే సబ్బు రాయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఎండాకాలంలో పాత కార్లను ఎలా కాపాడుకోవాలో చెబుతూ ఇటీవల మీరు వేసిన సూచనల్లో ఇంజన్ బయట పుల్లీల మీద తిరిగే బెల్టు సంగతి రెండు ముక్కల్లో తేలిపోయింది. శబ్దం వస్తే బిగించండి, అప్పటికీ తగ్గకపోతే సబ్బో మైనమో రాయండి అన్నారు. మొదటి సలహా కొన్ని బండ్లకే పనికొస్తుంది. రెండోది ఏ బండికీ పనికిరాదు. పదిహేనేళ్లు నిండి, ఆర్సీ రెన్యువల్ చేయించుకొని తిరుగుతున్న కార్లు వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో ఏ గల్లీలో చూసినా కనబడతాయి. వాటినే నమ్ముకొని ఇంటిల్లిపాదీ ఏటూరునాగారం, మంచిర్యాల దాకా పోయేవాళ్లున్నారు. అందుకని ఈ ఉత్తరం పొడుగైనా పూర్తిగా అచ్చు వేయమని మనవి. బెల్టు మార్చడం ఇంటి ముందర గంటా రెండు గంటల్లో అయ్యే పనే. కాకపోతే పాత బెల్టు తీసిన తర్వాత పుల్లీలన్నీ చేత్తో తిప్పి చూడకుండా కొత్తది ఎక్కిస్తే, బెల్టు కొన్నట్టే గానీ రిపేరు చేసినట్టు కాదు.

సబ్బు అలవాటు ఎక్కడిదో ఊహించవచ్చు. వెనకట గిర్నీలకు, బాయికాడి ఆయిలింజన్లకు వెడల్పాటి పట్టాలుండేవి. అవి జారితే గుగ్గిలం రాసేవాళ్లు. ఆ పట్టా బల్లపరుపుగా ఉండేది, దాని పట్టంతా పైపొర రాపిడి మీదే ఆధారపడేది. కారు బెల్టు కథ వేరు. దాని లోపలివైపు పొడవునా గట్లు, వాటి మధ్య గాడులు ఉంటాయి. ఆ గట్లు పుల్లీ గాడుల్లో ఇరుక్కుంటేనే పట్టు దొరుకుతుంది. అక్కడ సబ్బు గానీ మైనం గానీ డబ్బాల్లో అమ్మే బెల్టు స్ప్రే గానీ పడితే రెండ్రోజులు చప్పుడు ఆగుతుంది. ఆ తర్వాత దానికి దుమ్ము అంటుకుంటుంది. మన దగ్గర దుమ్ముకు కరువా? కరీంనగర్ రోడ్డు మీద గ్రానైట్ పొడి, భూపాలపల్లి, గోదావరిఖని వైపు బొగ్గు పొడి, సీజన్‌లో ఏనుమాముల మార్కెట్ చుట్టూ పత్తి నూగు. అదంతా గాడుల్లో గట్టిపడి బెల్టును పైకి ఎత్తేస్తుంది. అప్పుడు బెల్టు మరింత జారుతుంది, కాలుతుంది, గట్లు అద్దంలా నున్నబడతాయి.

చప్పుడు ఎందుకొస్తోందో తెలుసుకోవడానికి సీసాడు నీళ్లు చాలు. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా, చేతులు దూరంగా పెట్టి, బెల్టు గట్ల వైపు కాసిన్ని నీళ్లు చిమ్మండి. చప్పుడు పెరిగితే బిగువు చాలడం లేదు: బెల్టు అరిగిందో, బెల్టును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ స్ప్రింగు నీరసించిందో, చేత్తో బిగించే రకమైతే వదులైందో. చప్పుడు ఆగిపోయి, నీళ్లు ఆరగానే మళ్లీ మొదలైతే పుల్లీలు ఒక వరుసలో లేవు. మొదటి రకం శబ్దం పొడుగ్గా కీచుమంటుంది, ఏసీ వేసినప్పుడో స్టీరింగు చివరిదాకా తిప్పినప్పుడో ఎక్కువవుతుంది. రెండోది పిట్ట అరిచినట్టు చిర్ చిర్‌మని తాళంగా వస్తుంది. వానాకాలం పొద్దున సెల్ఫ్ కొట్టగానే రెండు మూడు సెకన్లు అరిచి ఊరుకుంటే అది తేమ, దానికి కంగారు అక్కర్లేదు. నీళ్లతో ఏ మార్పూ లేకుండా గరగరమంటూ ఇంజన్ వేగంతోపాటు పెరిగే చప్పుడైతే బెల్టుది కాదు, ఏదో బేరింగ్‌ది.

బానెట్ తెరవగానే ఏ బెల్టు గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. ప్లాస్టిక్ లేదా రేకు కవరు లోపల దాగి ఉండేది టైమింగ్ బెల్టు. దాని జోలికి ఈ ఉత్తరం చదివి పోవద్దు. అది తెగినా, పళ్లు తప్పినా చాలా ఇంజన్లలో వాల్వులు వంగవచ్చు. ఇక్కడ చెబుతున్నది బయటికి కనబడేది, డైనమోను (బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్), ఏసీ కంప్రెసర్‌ను, పవర్ స్టీరింగు పంపును, చాలా బండ్లలో వాటర్ బాడీని (ఇంజన్ చుట్టూ కూలెంట్ తిప్పే పంపు) కూడా తిప్పేది. మారుతి 800, ఆమ్ని, పాత సుమో, బొలెరో లాంటివాటిలో ఒక్కో పనికి ఒక్కో చిన్న బెల్టు, బిగువు చేత్తో సరిచేసుకోవాలి. 2003లో మన దేశానికి వచ్చిన కరోలా లాంటివాటిలో అన్నిటినీ పాములా చుట్టి తిరిగే ఒకే పొడుగు బెల్టు, బిగువు చూసుకోవడానికి స్ప్రింగు టెన్షనర్. మూడో రకం కూడా ఉంది. టెన్షనర్ ఉండదు, సరిచేసే బోల్టూ ఉండదు, బెల్టే కాస్త సాగి పుల్లీల మీద కూర్చుంటుంది. దాన్ని కోసి తీయడమే, మళ్లీ వాడకూడదు. కొత్తది ఎక్కించడానికి దాని ప్రత్యేక పనిముట్టు కావాలి. దాని చోట మామూలు బెల్టు వేస్తే నిలవదు.

పాత బెల్టు ఎంత పాడైందో కంటితో చూసి చెప్పడంలో పాత మేస్త్రీలు కూడా ఇప్పుడు తప్పుతున్నారు, కారణం రబ్బరు మారింది. వెనకటి నియోప్రిన్ బెల్టులు ముసలైతే అడ్డంగా పగుళ్లిచ్చేవి. ఒక గట్టు మీద మూడు అంగుళాల పొడవులో మూడు నాలుగు పగుళ్లు కనబడితే మార్చాలన్నది అప్పటి లెక్క. ఇప్పుడు మంచి కంపెనీల బెల్టులు ఎక్కువగా ఈపీడీఎం రబ్బరువి. ఇవి పగలవు, టైరులా అరుగుతాయి. పైకి కొత్తగానే కనబడుతుంది, లోపల గాడి వెడల్పవుతుంది. చివరికి పుల్లీ గట్టు బెల్టు గాడి అడుగుకు తగిలి, పక్కల పట్టు పోతుంది. పగుళ్లు లేవు గదా అని ఊరుకుంటే వచ్చే తిప్పలు ఇవే. కొత్త బెల్టు ముక్క పక్కన పెట్టి గాడుల లోతు, వెడల్పు పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. వీటికి తోడు అంచు దారాలు లేచినా, గట్టు ముక్క ఊడినా, ఆయిల్ తడిసినా ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. ఈపీడీఎం ఎండను, వేడిని తట్టుకుంటుంది గానీ దానికి ఆయిల్ పడదు. డీజిల్, గ్రీజు, తుప్పు వదిలించే స్ప్రే, ఏది తగిలినా ఉబ్బి మెత్తబడుతుంది. ఇంజన్ కడిగిస్తూ డీజిల్ కొట్టించేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. మన ఎండకు, దుమ్ముకు 40 వేల కిలోమీటర్లు దాటిన దగ్గర్నుంచి ప్రతి సర్వీసుకు బెల్టు చూడటం మంచిది. ఇంటి ముందు కదలకుండా పడి ఉండే బండికి కిలోమీటర్ల లెక్క పనిచేయదు. ఎలుకలు కూడా ఒక లెక్కే. కోతలప్పుడు పొలాల పక్క ఇళ్లలో బానెట్ కింద గూడు పెట్టి బెల్టు అంచు కొరికేస్తాయి.

కొనేటప్పుడు షాపులో ఫ్యాన్ బెల్టు అని అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు. పాత బెల్టు వీపు మీద ఉన్న అంకె చదివి అడగండి. 6పీకే1750 అని ఉంటే ఆరు గట్లు, పీకే రకం, పొడవు 1750 మిల్లీమీటర్లు. పీకే రకంలో గట్టుకు గట్టుకు మధ్య దూరం 3.56 మిల్లీమీటర్లు. అంకె చెరిగిపోతే వెడల్పు కొలిచి గట్లు సరిచూసుకోవచ్చు: నాలుగు గట్లదైతే 14 మిల్లీమీటర్ల పైచిలుకు, అయిదైతే 18, ఆరైతే 21, ఏడైతే 25 దగ్గర. పొడవును మాత్రం పాత బెల్టు చుట్టూ టేపు పెట్టి తెచ్చుకున్న కొలతతో కొనకండి, అరిగిన బెల్టు కొంచెం ఎక్కువే చూపిస్తుంది. ఒకే మోడల్‌లో ఏసీ ఉన్న బండికి, లేని బండికి, పవర్ స్టీరింగు ఉన్నదానికి వేర్వేరు పొడవులు ఉంటాయి. మోడల్ పేరు, సంవత్సరం చాలవు, ఛాసిస్ నంబరు రాసుకొని పోవాలి. పాత బండ్లలో ఇంకో చిక్కు: ఏసీ కంప్రెసర్ జామైనప్పుడు ఎవరో దాన్ని తప్పించి పొట్టి బెల్టు వేసి ఉంటారు. ఆ బండికి కంపెనీ పుస్తకంలో ఉన్న నంబరు సరిపోదు, బెల్టు మీదున్న నంబరే దిక్కు.

గేట్స్, కాంటిటెక్, బాండో, ఫెన్నర్, పిక్స్ లాంటి పేర్లు మన షాపుల్లో దొరుకుతాయి. ఏది కొన్నా అచ్చు స్పష్టంగా ఉందా, వేలితో రుద్దితే ఊడుతోందా చూడండి. తయారీ తేదీ ఉంటే అదీ చూడాలి. కవరులో మడతపెట్టి నలిగిపోయి ఉన్న బెల్టు ఎంత చవకగా ఇచ్చినా వద్దు. లాగుడు మోసేది రబ్బరు కాదు, లోపలి దారాలు. గట్టి మడత పడితే అవి తెగుతాయి, పైకి కనబడదు.

ఇక పని. చదునైన నేల కావాలి. మన ఇళ్ల గేటు ముందు ర్యాంపు మీద బండి ఎత్తకూడదు. ఇంజన్ పూర్తిగా చల్లారాలి, తాళం చెవి తీసి జేబులో వేసుకోవాలి. బ్యాటరీ నెగెటివ్ తీగ 10 నంబరు పానాతో విప్పి పక్కకు పెట్టాలి. దీనికి రెండు కారణాలున్నాయి. డైనమో వెనక లావు తీగకు ఎప్పుడూ కరెంటు ఉంటుంది, పానా దానికీ బాడీకీ తగిలితే నిప్పులే. రెండోది, వేడి మీదున్న కొన్ని బండ్లలో తాళం తీసినా రేడియేటర్ ఫ్యాను దానంతటదే తిరుగుతుంది. లుంగీ, దస్తీ, చున్నీ, కడియం, గడియారం ఉండకూడదు.

ఎక్కువ చిన్న కార్లలో బెల్టు డ్రైవరు వైపు చక్రం వెనక ఉంటుంది, కొన్నిట్లో ఎడమ వైపు. ఆమ్నిలో సీటు కింద. చక్రం విప్పి, బురద కవరు తీస్తే చేయి ఆడుతుంది. హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. జాకీ ఎత్తడానికి మాత్రమే, మోయడానికి జాక్ స్టాండ్ ఉండాలి. స్టాండ్ బదులు ఇటుకలు, సిమెంటు దిమ్మెలు, మనకు దండిగా దొరికే గ్రానైట్ ముక్కలు పెట్టేవాళ్లు ఎందరో. రాయి చెప్పి పగలదు. స్టాండ్ లేకపోతే ఆ రోజు పని మానుకోవడమే.

బెల్టు ముట్టుకోకముందే ఫోన్‌తో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి, ఆపైన కాగితం మీద బొమ్మ కూడా గీయండి. ఫొటోలో బెల్టు ఏ పుల్లీకి పైనుంచి పోయిందో, ఏదానికి కింది నుంచి పోయిందో నీడలో తెలియదు. బొమ్మలో అయితే గీసేటప్పుడే తేలిపోతుంది. బానెట్ కింద అంటించే దారి బొమ్మ పాత బండ్లలో ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. ఒక గుర్తు: గట్లున్న వైపు గాడుల పుల్లీల మీద, నున్నటి వీపు నున్నటి పుల్లీల మీద నడుస్తుంది.

స్ప్రింగు టెన్షనర్ ఉంటే దాని చేతికి షట్కోణం తల గానీ అరంగుళం చదరపు రంధ్రం గానీ ఉంటుంది. నేను పైన చెప్పిన కరోలా 1.8లో 19 నంబరు సాకెట్ పడుతుంది. పొడుగు రాడ్డు తగిలించి, టెన్షనర్ పుల్లీ బెల్టు నుంచి దూరం జరిగే వైపు నెమ్మదిగా లాగాలి. వదులు రాగానే అన్నిటికన్నా అందుబాటులో ఉన్న పుల్లీ నుంచి, సాధారణంగా డైనమో నుంచి, బెల్టు జార్చి, టెన్షనర్ చేతిని మెల్లగా వెనక్కు రానివ్వాలి. ఒక్కసారిగా వదిలితే స్ప్రింగును ఆపే భాగం విరుగుతుంది, వేళ్లు అక్కడుంటే అవి కూడా. కొన్నిటికి చేయి వెనక్కు లాగి పట్టినప్పుడు సన్నటి అలెన్ కీ దూర్చి ఆపేందుకు రంధ్రం ఉంటుంది, అది వాడితే రెండో మనిషి అక్కర్లేదు. కొన్ని టెన్షనర్లలో పుల్లీ మధ్య బోల్టు ఎడమ మర, అంటే మామూలుకు ఎదురు దిశలో తిప్పితే ఊడేది, ఉంటుంది. దాన్ని తెలియక బలంగా తిప్పితే తల తెగుతుంది.

చేత్తో బిగించే రకంలో పొరపాటు ఎక్కువగా జరిగేది ఏసీ బెల్టు దగ్గర. అక్కడ బెల్టుకు దారి చూపడానికే ఉత్తగా తిరిగే ఐడ్లర్ పుల్లీ మధ్యలో ఒక నట్టు, కింద పొడుగాటి సర్దుబాటు బోల్టు ఉంటాయి. మధ్య నట్టు వదులు చేయకుండా కింది బోల్టు తిప్పితే మర అరిగి బోల్టు పనికిరాకుండా పోతుంది. ముందు నట్టు, తర్వాత బోల్టు. బిగించేటప్పుడు ముందు బోల్టు, చివర్న నట్టు. డైనమో బెల్టుకైతే కింది ఇరుసు బోల్టు, పైన చీలిక పట్టీ బోల్టు రెండూ వదులు చేసి డైనమోను ఇంజన్ వైపు నెట్టాలి. తుప్పు పట్టి కదలకపోతే ఇరుసు బోల్టు ఇంకా బిగువుగా ఉన్నట్టే. దాని మీద గూటం వేస్తే అల్యూమినియం చెవి విరుగుతుంది, డైనమోకే ఖర్చు వస్తుంది.

బెల్టు బయటికి వచ్చింది. తొందరపడి కొత్తది ఎక్కించడం ఇక్కడే ఆపాలి. ఒక్కో పుల్లీని తిప్పండి, అటూ ఇటూ ఊపండి. ఐడ్లర్ పుల్లీ చేత్తో తిప్పి వదిలితే ఒకటి రెండు చుట్లకు ఆగాలి. గిర్రున చాలాసేపు తిరుగుతూ సుయ్‌మంటే బాగుందని మురిసిపోతారు చాలామంది. లోపల గ్రీజు ఎండిపోతేనే అట్లా తిరుగుతుంది. గరుకుగా తగిలితే బేరింగ్ అయిపోయింది. చాలా ఐడ్లర్లలో ఉండేది 6203 బేరింగ్: లోపలి వ్యాసం 17, బయటిది 40, మందం 12 మిల్లీమీటర్లు. ఇనుప పుల్లీ అయితే బేరింగ్ ఒక్కటే కొని ప్రెస్ మీద మార్పించుకోవచ్చు. అప్పుడు రెండు పక్కలా రబ్బరు మూత ఉన్న 2ఆర్‌ఎస్ అడగాలి. రేకు మూతల జడ్‌జడ్ రకంలోకి మన దుమ్ము దూరుతుంది. ప్లాస్టిక్ పుల్లీ అయితే మొత్తంగా మార్చడమే, బేరింగ్ దిగగొడితే ప్లాస్టిక్ చిట్లుతుంది.

వాటర్ బాడీ పుల్లీని గట్టిగా పట్టుకొని ఊపితే కాస్తయినా ఆడకూడదు. దాని కింద చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ తెల్లగానో పచ్చగానో గులాబీగానో కూలెంట్ ఎండిన చారలుంటే సీలు పోయింది, ఇప్పుడే మార్చాలి. రేపు అది పట్టేస్తే కొత్త బెల్టు దాంతోపాటే తెగుతుంది. ఏసీ కంప్రెసర్ పుల్లీ, ఏసీ ఆపి ఉన్నప్పుడు, మధ్యలోని ఇరుసును తిప్పకుండా తాను మాత్రమే తిరగాలి. పవర్ స్టీరింగు పంపు కొంచెం బరువుగా తిరుగుతుంది, అది సహజం. డీజిల్ బండ్లలో కొన్నిటికి డైనమో పుల్లీ ఒక వైపు పట్టుకొని రెండో వైపు వదులుగా తిరిగే రకం. రెండు వైపులా పట్టేసినా, రెండు వైపులా వదులైనా పాడైనట్టే. అలా పాడైన పుల్లీ మీద బెల్టు ఎంత మంచిది వేసినా టెన్షనర్ వణుకుతూనే ఉంటుంది.

అందరూ వదిలేసేది క్రాంకు పుల్లీ, ఇంజన్ ఇరుసు చివర ఉండి బెల్టును నడిపించేది. అది చాలా బండ్లలో రెండు ఇనుప వలయాలు, మధ్యలో రబ్బరు పొర. ఏళ్ల వేడికి ఆ రబ్బరు ఉబ్బి బయటికి వస్తుంది, బయటి వలయం పక్కకు జరుగుతుంది. నెల నెలా బెల్టు అంచు దారాలు లేస్తున్నాయంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. వరుస చూడటానికి ఇనుప స్కేలు పుల్లీ ముఖానికి ఆనించండి. అడుగు దూరానికి ఒకటిన్నర మిల్లీమీటర్ కన్నా ఎక్కువ తేడా ఉండకూడదు. ఈ పుల్లీ మార్చడం మాత్రం ఇంటి పని కాదు. అలాగే బెల్టు చుట్ట మధ్యలోంచి ఇంజన్ మౌంటు పోయే బండ్లు కొన్ని ఉన్నాయి. వాటిలో ఇంజన్‌కు ఆసరా ఇచ్చి మౌంటు విప్పాలి. అలాంటివి ఆటోనగర్‌కు పంపించండి, అందులో చిన్నతనం లేదు.

ఆయిల్ జాడలు ఎక్కడివో కూడా ఇప్పుడే వెతకాలి: ట్యాపెట్ కవరు, క్రాంకు సీలు, పవర్ స్టీరింగు గొట్టం. కారుతున్నది ఆపకుండా బెల్టు వేయడం వృథా. గాడుల్లో పేరుకున్న మట్టిని వైరు బ్రష్షుతో, బ్రేక్ క్లీనర్‌తో కడగండి. స్క్రూడ్రైవర్‌తో గీకితే గాడి మీద పడే గీతే రేపు బెల్టును తింటుంది. టెన్షనర్ చేయి పక్కన ఇనుము రాసుకున్న మెరుపు ఉందా, పుల్లీ వాలి ఉందా చూసి, ఉంటే బెల్టుతోపాటు మార్చండి. బెల్టు రెండోసారి మార్చే బండికి టెన్షనర్ కూడా మార్చడం మేలు. అది బెల్టుకన్నా ఖరీదే, అయినా అలసిన స్ప్రింగు మీద కొత్త బెల్టు కూడా జారుతుంది.

ఎక్కించేటప్పుడు చేతులకు గ్రీజు ఉండకూడదు. క్రాంకు పుల్లీతో మొదలుపెట్టి, బొమ్మ చూసుకుంటూ, అందుబాటులో ఉన్న నున్నటి పుల్లీనో డైనమోనో చివరికి ఉంచుకోండి. స్క్రూడ్రైవర్ పెట్టి పుల్లీ అంచు మీంచి బలవంతంగా ఎక్కించవద్దు, దారాలు తెగుతాయి. ఎక్కిన తర్వాత ప్రతి పుల్లీ దగ్గర, కంటికి కనబడని కింది వాటి దగ్గర వేలితో తడిమి, రెండు అంచులూ సమంగా ఉన్నాయో లేదో చూడాలి. ఒక గట్టు పక్కకు జరిగి కూర్చోవడం ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు. స్టార్ట్ చేసిన కాసేపటికే ఆ గట్టు దారంలా ఊడి వస్తుంది. ఆ దారం క్రాంకు పుల్లీ వెనక టైమింగ్ కవరులోకి దూరిందంటే ఇంజనే ఆగుతుంది. అందుకే గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్రాంకు బోల్టుకు సాకెట్ వేసి, ఇంజన్ మామూలుగా తిరిగే దిశలో చేత్తో రెండు చుట్లు తిప్పి మళ్లీ తడమాలి. బెల్టు వైపు నుంచి చూస్తే ఎక్కువ ఇంజన్లు గడియారం ముళ్ల దిశలోనే తిరుగుతాయి, పాత హోండాలు కొన్ని దానికి ఎదురు.

స్ప్రింగు టెన్షనర్‌కు బిగువు చూసే పని లేదు, దాని మీది సూది రెండు గీతల మధ్య ఉంటే చాలు. గీత దాటి ఉంటే బెల్టు పొడవు తప్పు. చేత్తో బిగించే రకంలో పుల్లీల మధ్య పొడుగైన చోట బొటనవేలితో దాదాపు 10 కిలోల బలంతో నొక్కితే 6 నుంచి 10 మిల్లీమీటర్లు దిగాలి, మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి. డైనమోను రాడ్డుతో ఎగదోసేటప్పుడు ముందు వైపు గట్టి అంచుకు ఆనించాలి, వెనక పలచటి మూతకు కాదు. అరుపు ఆగాలని తీగలా బిగిస్తే అరుపు ఆగుతుంది, డైనమో బేరింగ్, వాటర్ బాడీ తొందరగా పోతాయి. మీరు వేసిన బిగించండి అన్న సలహాతో ఇబ్బంది ఇక్కడే.

పనిముట్లన్నీ బయటికి తీసి, బ్యాటరీ తగిలించి, స్టార్ట్ చేసి పది నిమిషాలు నడవనివ్వండి. హెడ్‌లైట్లు, ఏసీ వేయండి, స్టీరింగు చివరిదాకా తిప్పండి, అక్కడ అయిదు సెకన్లకన్నా పట్టి ఉంచవద్దు. ఇంజన్ ఆపి మళ్లీ తడమండి. చేత్తో బిగించే బెల్టు మొదటి పది నిమిషాల్లోనే కొంత కూర్చుంటుంది, అప్పుడోసారి, వారం తిరిగాక ఇంకోసారి బిగువు సరిచేయాలి. ఈ రెండో సర్దుబాటు చేయకనే కొత్త బెల్టు నాసిరకమని షాపువాళ్లను తిడుతుంటారు. బానెట్ లోపలి వైపు బెల్టు నంబరు, తేదీ, కిలోమీటర్లు పెయింటుతో రాసి పెట్టండి. షెడ్డులో చేయించుకున్నా ఈ మాట అడిగి రాయించుకోండి, పాత బెల్టు కూడా అడిగి తెచ్చుకోండి.

దారిలో తెగితే ఏం చేయాలన్నది కూడా మీ సూచనల్లో లేదు. మేడారం జాతర రోజుల్లో తాడ్వాయి రోడ్డు మీద ఏసీ వేసుకొని గంటల తరబడి ఐడ్లింగ్‌లో నిలబడే బండికి ఈ గండం ఎక్కువ. బానెట్ కింద గాలి ఆడదు, కంప్రెసర్ బరువు మాత్రం తగ్గదు. బెల్టు తెగగానే బ్యాటరీ ఎర్ర లైటు వెలుగుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది, ఏసీ గాలి వేడెక్కుతుంది. వాటర్ బాడీ ఆ బెల్టు మీదే ఉంటే వెంటనే పక్కకు ఆపి ఇంజన్ బంద్ చేయాలి. వచ్చే ఊరిదాకా పోదామనుకుంటే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. వాటర్ బాడీ టైమింగ్ బెల్టు మీద తిరిగే బండి అయితే, పగటిపూట, ఏసీ, లైట్లు ఆపుకొని, ఇంజన్ వేడి చూపే ముల్లు మీద కన్నేసి కొంత దూరం లాక్కుపోవచ్చు. చున్నీ ముడివేసి నడిపించే పాత చిట్కా రెండు మూడు పుల్లీల మీద తిరిగే పాత వీ ఆకారపు బెల్టుకు పనిచేసిందేమో గానీ ఏడెనిమిది పుల్లీల మధ్య పాకే బెల్టుకు కుదరదు.

పాత డీజిల్ బండ్ల వాళ్లకు ఒక్కటి ప్రత్యేకంగా చెప్పాలి. వాటిలో కొన్నిటికి బ్రేకులకు బలమిచ్చే వ్యాక్యూమ్ పంపు డైనమో వెనకనే బిగించి ఉంటుంది. బెల్టు తెగితే రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడుతుంది. బ్రేకు పోలేదు, రెండు కాళ్ల బలంతో తొక్కితే పడుతుంది. పంపింగ్ చేయకుండా ఒకేసారి గట్టిగా తొక్కి, గేరు దించుతూ ఆపాలి. మీ డైనమో వెనక లావు రబ్బరు గొట్టం ఉందో లేదో ఈ ఆదివారమే బానెట్ ఎత్తి చూసుకోండి. ఉంటే డిక్కీలో సరైన నంబరు కొత్త బెల్టు, దానికి పట్టే పానాలు, టార్చిలైటు పెట్టుకోకుండా 163వ నంబరు జాతీయ రహదారి మీద ములుగు దాటి అడవిలోకి పోవద్దు.

ఇట్లు
ఒక మోటార్ మెకానిక్ ట్రేడ్ బోధకుడు,
హన్మకొండ